లినక్స్‌లో లేబుల్ ప్రింటర్: ముందు ప్రింటర్, ఆ తర్వాతే డ్రైవర్

(విశాఖపట్నంలో చిన్న వ్యాపారులకూ, కంప్యూటర్ సర్వీసు చేసేవాళ్ళకూ ఇచ్చిన ప్రసంగ పాఠం. తెర మీద చూపిన ఆదేశాలను వక్త చదివి వినిపించినట్టే ఇక్కడ రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకి వచ్చేయండి, తెర మీద అక్షరాలు చిన్నవి.

ఇక్కడ పూర్ణా మార్కెట్ వైపు ఎమ్మార్పీ స్టిక్కర్లు వేసుకునేవాళ్ళున్నారు. రోజూ కొరియర్ పార్సిళ్ళు కట్టేవాళ్ళున్నారు. ఆటోనగర్, పరవాడ నుంచి డ్రమ్ములకీ కార్టన్లకీ లేబుల్ అంటించే పని చూసేవాళ్ళూ ఉన్నారు. అందరి ఫిర్యాదూ ఒకటే: "విండోస్‌లో బాగానే వస్తోంది, లినక్స్‌లో పెడితే రావట్లేదు." వెంటనే అందరూ డ్రైవర్ కోసం వెతుకుతారు. ఉన్నది తీసేసి ఇంకోటి వేస్తారు, అదీ తీసేస్తారు. నిజానికి తప్పు డ్రైవర్‌లో ఉండడం తక్కువ. రోల్ దగ్గరుంటుంది, కేబుల్ దగ్గరుంటుంది, అన్నిటికంటే ఎక్కువగా కొలత దగ్గరుంటుంది. అందుకే ఇవాళ కింద నుంచి పైకి వెళ్దాం. ముందు ప్రింటర్ ఒక్కటే, తర్వాత కేబుల్, తర్వాత ప్రింటర్ భాష, ఆ తర్వాతే కప్స్, అంటే లినక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే వ్యవస్థ. ఒక మెట్టు సరిగ్గా ఉందని తేలాకే రెండో మెట్టు.

కేబుల్ పీకేయండి. కంప్యూటర్ వద్దు. రోల్ వేసి ఫీడ్ బటన్ ఒక్కసారి నొక్కండి. ఒక్క లేబుల్ బయటికొచ్చి, సరిగ్గా రెండు లేబుళ్ళ మధ్య గ్యాప్ దగ్గర ఆగాలి. రెండు మూడు లేబుళ్ళు జారిపోయినా, సగంలో ఆగినా, ఎర్ర లైటు వెలిగినా గ్యాప్ సెన్సర్‌కి ఈ రోల్ పరిచయం కాలేదన్నమాట. పవర్ ఆపి, ఫీడ్ బటన్ నొక్కి పట్టుకునే పవర్ వేయండి. చాలా డెస్క్‌టాప్ మోడళ్ళలో క్యాలిబ్రేషన్, అంటే కొత్త రోల్ కొలత ప్రింటర్‌కి నేర్పడం, ఇలాగే మొదలవుతుంది. లైటు ఏ రంగులో ఉన్నప్పుడు వేలు తీయాలన్నది మోడల్‌ని బట్టి మారుతుంది, అది మాత్రం మీ మాన్యువల్లో చూసుకోండి. కొత్త సైజు రోల్ వేసిన ప్రతిసారీ చేయాల్సిన పని ఇది. నెలకోసారి చేసే సర్వీసు అనుకోవద్దు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. టీఎస్‌సీ లాంటి కొన్ని ప్రింటర్లు సెల్ఫ్ టెస్ట్ ముద్రించాక డంప్ మోడ్‌లోకి వెళ్ళిపోతాయి. ఆ తర్వాత కంప్యూటర్ నుంచి ఏం పంపినా అది ఆదేశంలా అమలు కాదు, వచ్చిన బైట్లన్నీ అంకెల వరుసలుగా అచ్చవుతాయి. అవి చూసి డ్రైవర్ పాడైందనుకుంటారు. పవర్ ఒకసారి ఆపి వేస్తే చాలు, మామూలైపోతుంది.

సెల్ఫ్ టెస్ట్ లేబుల్‌ని మాత్రం పారేయకండి. రిజల్యూషన్, ఫర్మ్‌వేర్ వెర్షన్, నెట్‌వర్క్ ఉంటే దాని అడ్రస్, చాలా మోడళ్ళలో ప్రింటర్ మాట్లాడే భాష, అన్నీ దాని మీదే ఉంటాయి. ప్రింటర్ పక్కకే అంటించేయండి.

రోల్ సంగతి. లేబుల్ మీద గోటితో గట్టిగా ఒక గీత గీయండి. నల్లగా పడితే అది డైరెక్ట్ థర్మల్ కాగితం, వేడికి తానే నల్లబడుతుంది, సిరా రిబ్బన్ అక్కర్లేదు. పడకపోతే క్రోమో లాంటి మామూలు కాగితం, దానికి రిబ్బన్ ఉండాల్సిందే. క్రోమో రోల్ వేసి రిబ్బన్ లేకుండా పంపితే లేబుల్ తెల్లగా, నిశ్శబ్దంగా, ఏ ఎర్రరూ చూపించకుండా బయటికొస్తుంది. "లినక్స్‌లో ఖాళీ లేబుళ్ళు వస్తున్నాయి" అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే తేలిపోతాయి. రిబ్బన్ ఉన్నా ఖాళీగా వస్తుంటే సిరా ఏ వైపుందో చూడండి. సెల్లో టేప్ ముక్క రిబ్బన్‌కి అంటించి పీకండి, నలుపు ఏ వైపు నుంచి ఊడి వస్తే సిరా ఆ వైపు. ఆ వైపే లేబుల్‌కి తగలాలి. సిరా లోపలికి చుట్టినవీ బయటికి చుట్టినవీ రెండు రకాల రిబ్బన్లూ బజార్లో ఉన్నాయి, డబ్బా మీద చూసి కొనండి.

ఇప్పుడు కేబుల్ పెట్టండి. టెర్మినల్లో ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టండి. జాబితాలో మీ ప్రింటర్ కనపడాలి. పేరు స్పష్టంగా లేకపోతే నాలుగంకెల తయారీదారు నంబరు చూడండి. టీఎస్‌సీది 1203, డైమోది 0922. కనపడలేదంటే ఇక కప్స్ తెరవడం దండగ. కేబుల్ మార్చండి, హబ్ తీసేసి నేరుగా పెట్టండి. కనిపిస్తే, సుడో డీమెసేజ్ (sudo dmesg) కొట్టి చివరి వరుసలు చదవండి. సుడో అంటే అడ్మిన్ అధికారంతో నడపమని. యూఎస్‌బీఎల్‌పీ అనే మాడ్యూల్ ప్రింటర్‌ని పట్టుకున్నట్టు ఒక వరుస ఉంటుంది. అప్పుడు స్లాష్ డెవ్, స్లాష్ యూఎస్‌బీ, స్లాష్ ఎల్‌పీ సున్నా అనే ఫైలు పుడుతుంది. ఆ ఫైల్లోకి ఏం రాస్తే అది నేరుగా ప్రింటర్‌కి వెళ్తుంది, మధ్యలో ఎవరూ ఉండరు.

అసలు పరీక్ష ఇదే. మనం రోజూ వాడే ఇంక్‌జెట్‌కీ దీనికీ తేడా ఏమిటంటే, దీనికి సొంత భాష ఉంది. టీఎస్‌సీ, చవకలో దొరికే చాలా చైనా ప్రింటర్లు టీఎస్‌పీఎల్ మాట్లాడతాయి. జీబ్రా జడ్‌పీఎల్ మాట్లాడుతుంది, పాత జీబ్రాలు ఈపీఎల్ కూడా. ఈ భాషల్లో లేబుల్ అంటే నాలుగైదు వరుసల మామూలు టెక్స్ట్. 50 బై 25 మిల్లీమీటర్ల స్టిక్కర్‌కి టీఎస్‌పీఎల్‌లో ఎలా ఉంటుందో తెర మీద చూడండి. మొదటి వరుస సైజ్ 50 ఎమ్ఎమ్ కామా 25 ఎమ్ఎమ్. రెండోది గ్యాప్ 3 ఎమ్ఎమ్ కామా 0. మూడోది సీఎల్ఎస్, అంటే ప్రింటర్ మెమొరీలో మిగిలిన పాత బొమ్మ చెరిపేయమని. నాలుగోది టెక్స్ట్ 40 కామా 40, తర్వాత కోట్స్‌లో ఫాంటు నంబరు 3, తర్వాత సున్నా, ఒకటి, ఒకటి, చివర కోట్స్‌లో మనం రాసే మాట. అయిదోది ప్రింట్ 1. ఈ వరుసల్ని ఇందాకటి ఎల్‌పీ సున్నా ఫైల్లోకి పంపండి, అంతే, లేబుల్ వచ్చేస్తుంది.

సీఎల్ఎస్ మర్చిపోతే ముందు లేబుల్ మీద రాసింది కొత్తదాని కింద దెయ్యంలా కనిపిస్తుంది. ఇంకోటి, వరుస చివర. టీఎస్‌పీఎల్ వరుస క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ రెండింటితో ముగియాలి. లినక్స్‌లో ఎడిటర్లు లైన్ ఫీడ్ ఒక్కటే పెడతాయి. ఫైల్ని యూనిక్స్‌టూడాస్ (unix2dos)‌తో మార్చి పంపండి, లేదా ప్రింట్‌ఎఫ్‌లో ప్రతి వరుస చివరా బ్యాక్‌స్లాష్ ఆర్ బ్యాక్‌స్లాష్ ఎన్ రాయండి. ముఖ్యంగా చివరి ప్రింట్ వరుస తర్వాత. అది లేకపోతే ప్రింటర్ ఆ వరుస ఇంకా పూర్తి కాలేదని కాచుక్కూర్చుంటుంది. మీరు రెండోసారి పంపగానే మొదటిది బయటికొస్తుంది. "ఒకటి వెనకబడి ముద్రిస్తోంది" అని మీరు చెప్పే రోగం ఇదే.

"పర్మిషన్ డినైడ్" అంటే మీ యూజర్ ఎల్‌పీ గ్రూపులో లేడు. సుడో యూజర్‌మాడ్, హైఫన్ చిన్న ఏ పెద్ద జీ, ఎల్‌పీ, తర్వాత యూజర్ పేరు. లాగవుట్ అయ్యి మళ్ళీ లాగిన్ అవ్వాలి, లేకపోతే పాత గ్రూపులే నడుస్తుంటాయి. తొందరలో సుడో ఎకో అని రాసి బాణం గుర్తుతో ఆ ఫైల్లోకి తోస్తారు, అదీ పనిచేయదు. సుడో ఎకో వరకే వర్తిస్తుంది, ఫైలు తెరిచేది మాత్రం మీ షెల్, దానికి అనుమతి లేదు. బదులుగా క్యాట్‌తో చదివి పైపు పెట్టి సుడో టీ (tee) కి పంపండి.

జీబ్రా అయితే క్యారెట్ గుర్తు ఎక్స్‌ఏ తో మొదలై క్యారెట్ ఎక్స్‌జడ్ తో ముగుస్తుంది. మధ్యలో క్యారెట్ ఎఫ్‌ఓ 50 కామా 50 అంటే ఎక్కడ మొదలవ్వాలో. అక్కడ 50 అంటే మిల్లీమీటర్లు కాదు, చుక్కలు. ఈ లెక్క బాగా గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అన్నిటికీ ఇదే పనికొస్తుంది. డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలని. 203 డీపీఐ ప్రింటర్ అంటే మిల్లీమీటరుకి 8 చుక్కలు. 50 బై 25 స్టిక్కర్ అంటే 400 బై 200 చుక్కలు. 100 బై 150 కొరియర్ లేబుల్ 800 బై 1200. 300 డీపీఐ అయితే మిల్లీమీటరుకి 12 కి కాస్త తక్కువ. జడ్‌పీఎల్‌లో వెడల్పు క్యారెట్ పీడబ్ల్యూ, పొడవు క్యారెట్ ఎల్ఎల్, రెండూ చుక్కల్లోనే. 203 ప్రింటర్ కోసం రాసిన లేబుల్‌ని 300 ప్రింటర్‌కి పంపితే మూడింట రెండొంతుల సైజులో ఓ మూలకి ముడుచుకుని వస్తుంది.

ఈ పరీక్షలో లేబుల్ వచ్చిందంటే రోల్, రిబ్బన్, కేబుల్, భాష నాలుగూ బాగున్నట్టే. ఇకపై ఏం తప్పొచ్చినా అది కంప్యూటర్ వైపుదే.

కప్స్ దగ్గరికొద్దాం. మైకేల్ స్వీట్ 1990ల చివర్లో మొదలుపెట్టిన ప్రింటింగ్ వ్యవస్థ ఇది. తర్వాత ఆపిల్ చేతికి వెళ్ళింది, ఇప్పుడు లినక్స్‌లో మనం వాడేది ఓపెన్‌ప్రింటింగ్ బృందం నడిపేది. బ్రౌజర్లో లోకల్‌హోస్ట్ కోలన్ 631 తెరిస్తే దాని పేజీ వస్తుంది. కానీ నేను టెర్మినలే చూపిస్తా, తప్పు ఎక్కడ పడిందో స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి. ఎల్‌పీఇన్ఫో హైఫన్ వీ కొడితే ప్రింటర్ల చిరునామాలు, ఎల్‌పీఇన్ఫో హైఫన్ ఎమ్ కొడితే డ్రైవర్ల జాబితా. అందులో జీబ్రా జడ్‌పీఎల్, జీబ్రా ఈపీఎల్, డైమో పేర్లతో డ్రైవర్లు కప్స్‌తో పాటే వస్తాయి, విడిగా దించుకోనక్కర్లేదు. టీఎస్‌సీకి మాత్రం తయారీదారు ఇచ్చే లినక్స్ డ్రైవర్ వేసుకోవాలి.

తర్వాత ఎల్‌పీఅడ్మిన్. హైఫన్ పీ, క్యూకి, అంటే ఈ ప్రింటర్‌కి వెళ్ళే పనుల వరసకి, మీరు పెట్టే పేరు. హైఫన్ పెద్ద ఈ. హైఫన్ వీ, ఇందాకటి చిరునామా, కోట్స్‌లో పెట్టండి, అందులో ప్రశ్నార్థకం ఉంటుంది. హైఫన్ ఎమ్, డ్రైవర్ పేరు. ఆ పెద్ద ఈ ఎక్కడుందో చూసుకోండి. హైఫన్ పీ తర్వాత ఉంటే క్యూని పనికి సిద్ధం చేయమని అర్థం. ముందే ఉంటే ఎన్‌క్రిప్షన్ వాడమని అర్థం. ముందు పెట్టినవాడి క్యూ పుడుతుంది గానీ కదలదు. ఇంటర్నెట్ నుంచి కాపీ కొట్టిన ఆదేశాల్లో ఇది తరచూ తారుమారై ఉంటుంది.

భాష తప్పు పెడితే లక్షణాలు రెండే. ఏమీ రాకపోవడం, లేదా ఆదేశాలే అక్షరాలుగా లేబుల్ మీద అచ్చవడం. ప్రింటర్ పైన జీబ్రాలా కనిపిస్తోందని జడ్‌పీఎల్ పెట్టేస్తారు, లోపల టీఎస్‌పీఎల్ ఉంటుంది. అందుకే సెల్ఫ్ టెస్ట్ పారేయొద్దన్నది.

మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేరే టీఎస్‌పీఎల్, జడ్‌పీఎల్ తయారుచేసి ఇస్తుంటే డ్రైవర్ దాన్ని ముట్టుకోకూడదు. ఎల్‌పీ, హైఫన్ డీ క్యూ పేరు, హైఫన్ ఓ రా (raw, అంటే ఉన్నదున్నట్టు), తర్వాత ఫైలు పేరు. ఆ "రా" ఒక్కటి లేకపోతే కప్స్ దాన్ని ఉత్తరమనుకుని పేజీలా ముద్రించేస్తుంది. మీ ప్రోగ్రామ్ ఒకవైపు ఎల్‌పీ సున్నా ఫైల్లోకి నేరుగా రాస్తూ, ఇంకోవైపు కప్స్ కూడా అదే ప్రింటర్‌ని వాడుతుంటే ఇద్దరికీ తగాదా. కప్స్ పని మొదలెట్టగానే యూఎస్‌బీఎల్‌పీని పక్కకి తోస్తుంది, ఆ ఫైలు మాయమవుతుంది, మీ ప్రోగ్రామ్ పడిపోతుంది. పరీక్షకి నేరుగా రాయండి, రోజువారీ పనికి కప్స్ ద్వారానే పంపండి.

సభ నుంచి ప్రశ్న: మాకు కొరియర్ లేబుల్ వస్తోందండీ, కానీ అగ్గిపెట్టంత వస్తోంది.

వచ్చేస్తున్నానండీ, ఆ కొలతల దగ్గరికే. మూడు చోట్ల మూడు కొలతలుంటాయి. ప్రింటర్‌కి తెలిసిన లేబుల్ సైజు ఒకటి, కప్స్ క్యూలో ఉన్న పేజీ సైజు ఒకటి, మీ పీడీఎఫ్ లోపల ఉన్న సైజు ఒకటి. ఈ మూడూ ఒకటి కాకపోతే ఎవరో ఒకరు కుదిస్తారు, తిప్పుతారు, లేదా కోస్తారు. మీ సంగతిలో పీడీఎఫ్ ఏ4 సైజులో ఉంది, లేబుల్ దాని మూల నాలుగో వంతులో ఉంది. కప్స్ ఏ4 మొత్తాన్ని తీసుకొచ్చి నాలుగు అంగుళాల్లో ఇరికిస్తోంది. చాలా కొరియర్ పోర్టళ్ళ సెట్టింగుల్లో 4 బై 6 థర్మల్ అని ఎంచుకునే వీలుంటుంది, అది పెట్టండి. లేకపోతే ముద్రించే ముందే ఆ మూలని కత్తిరించి 4 బై 6 పేజీగా చేసుకోవాలి.

క్యూలో సైజు పెట్టడానికి ఎల్‌పీ ఆదేశంలోనే హైఫన్ ఓ, మీడియా ఈక్వల్స్ కస్టమ్ డాట్ 50 ఎక్స్ 25 ఎమ్ఎమ్ అనొచ్చు. కొన్ని డ్రైవర్లలో జాబితాలో డబ్ల్యూ 288 హెచ్ 432 అని వింత పేర్లు కనిపిస్తాయి. అవి పాయింట్లు, అంగుళానికి 72. 288 అంటే 4 అంగుళాలు, 432 అంటే 6. మీ కొరియర్ లేబుల్ అదే. పక్కనే హైఫన్ ఓ, ప్రింట్ హైఫన్ స్కేలింగ్ ఈక్వల్స్ నన్ అని కూడా చేర్చండి. క్రోమ్ నుంచి నేరుగా ముద్రిస్తే మార్జిన్లు నన్, స్కేల్ 100.

లేబుల్ అడ్డంగా తిరిగి వస్తోందంటారు. 50 బై 25 స్టిక్కర్‌కి ఎత్తు కంటే వెడల్పు ఎక్కువ. మధ్యలో ఉన్న ఫిల్టర్లు, అంటే ఫైలుని ప్రింటర్ భాషలోకి మార్చే కప్స్ ప్రోగ్రాములు, దాన్ని ల్యాండ్‌స్కేప్ అనుకుని తిప్పేస్తాయి. ఓరియెంటేషన్ హైఫన్ రిక్వెస్టెడ్ ఈక్వల్స్ 3 అంటే నిలువు, 4 అంటే పక్కకి తిప్పింది. 3 నుంచి 6 వరకు ఒక్కొక్కటీ పెట్టి చూసి, కుదిరినదాన్ని ఎల్‌పీఆప్షన్స్‌తో ఖాయం చేసేయండి. 25 బై 50 అని తిరగేసి సైజు పెట్టి సరిచేద్దామనుకోవద్దు, అప్పుడు ప్రింటర్ గ్యాప్ కోసం తప్పు చోట వెతుకుతుంది.

షాపులవాళ్ళ రోల్ ఎక్కువగా టూ అప్, అంటే పక్కపక్కన రెండు స్టిక్కర్లు. ప్రింటర్ కళ్ళకి అది రెండు కాదు, ఒకటే. 50, మధ్యలో 2, మళ్ళీ 50. మొత్తం 102 మిల్లీమీటర్ల వెడల్పు, 25 ఎత్తు. క్యూలో పెట్టాల్సింది ఆ 102. రెండో స్టిక్కర్ 52 మిల్లీమీటర్ల దగ్గర మొదలవుతుంది, 203 ప్రింటర్లో 416వ చుక్క. మధ్య ఖాళీ మీ రోల్లో 2 ఉందో 3 ఉందో స్కేలు పెట్టి కొలవండి, అమ్మినవాడు చెప్పింది నమ్మొద్దు.

ఇప్పుడు బార్‌కోడ్. ఇక్కడ కాసేపు ఆగుదాం, అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే. స్టిక్కర్ చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, స్కానర్ చదవదు. కారణం చుక్కల లెక్క. బార్‌కోడ్‌లో సన్నని గీత వెడల్పు పూర్ణ సంఖ్య చుక్కలుండాలి. రెండున్నర చుక్కలు ప్రింటర్ ముద్రించలేదు, ఒక గీత రెండు, ఇంకో గీత మూడు చేస్తుంది. గీతల మధ్య నిష్పత్తే బార్‌కోడ్ సమాచారం కాబట్టి అది అక్కడే చెడుతుంది. పీడీఎఫ్‌ని 97 శాతానికి కుదించినా ఇదే జరుగుతుంది. ఫిట్ టు పేజ్ అన్న టిక్కు బార్‌కోడ్‌కి శత్రువు.

ఈఏఎన్ 13 తీసుకోండి, సరుకుల మీద ఉండే 13 అంకెల కోడ్. దాని సన్న గీత ప్రామాణిక వెడల్పు 0.33 మిల్లీమీటర్లు, 80 శాతం వరకు తగ్గొచ్చు, అంటే 0.264. 203 ప్రింటర్లో చుక్క 0.125. రెండు చుక్కలు 0.25, కనిష్ఠం కంటే కాస్త తక్కువ. మూడు చుక్కలు 0.375, ఫర్వాలేదు. కోడ్ మొత్తం 95 గడులు, ఎడమ 11, కుడి 7 గడుల తెల్ల ఖాళీ కలిపి 113. మూడు చుక్కల చొప్పున 42 మిల్లీమీటర్ల పైచిలుకు. 50 మిల్లీమీటర్ల స్టిక్కర్‌లో హాయిగా పడుతుంది. 38 స్టిక్కర్‌లో పట్టదు, రెండు చుక్కలకి దిగాలి, అది చాలా స్కానర్లు చదువుతాయి గానీ హామీ ఇవ్వలేం. అందుకే స్టిక్కర్ సైజు కొనేముందే ఈ లెక్క వేసుకోండి. షాపు లోపల వాడే సొంత కోడ్‌కి ఈఏఎన్ ఎందుకు, పొట్టిగా ఆరేడు అంకెలతో కోడ్ 128 అనే రకం బార్‌కోడ్ పెట్టుకుంటే చిన్న స్టిక్కర్‌లోనూ పడుతుంది.

బార్‌కోడ్‌ని బొమ్మగా పంపకుండా ప్రింటర్ చేతే గీయించడం ఉత్తమం. టీఎస్‌పీఎల్‌లో బార్‌కోడ్ అనే ఆదేశం, జడ్‌పీఎల్‌లో ఈఏఎన్ 13 కి క్యారెట్ బీఈ, కోడ్ 128 కి క్యారెట్ బీసీ. గీత ఎన్ని చుక్కలో మీరే చెప్తారు, మధ్యలో ఎవరూ కుదించలేరు. నలుపు కోసం వేడి మరీ పెంచినా గీతలు ఉబ్బి కలిసిపోతాయి. టీఎస్‌పీఎల్‌లో డెన్సిటీ 0 నుంచి 15 వరకు. 8 దగ్గర మొదలెట్టి ఒక్కొక్క మెట్టూ మార్చండి. వేగం తగ్గించడం కూడా వేడి పెంచడం లాంటిదే.

సభ నుంచి ప్రశ్న: లేబుల్ మీద తెలుగు వస్తుందా అండీ?

వస్తుంది, కానీ టెక్స్ట్‌గా పంపితే రాదు. ప్రింటర్ లోపలి ఫాంట్లలో సాధారణంగా తెలుగు ఉండదు. ఫాంటు ఎక్కించినా చాలా చవక ప్రింటర్లకి వత్తులు అమర్చడం రాదు. "లక్ష్మీ" అని పంపితే క, పొల్లు, ష, పొల్లు, మ విడివిడిగా వరసగా నిలబడతాయి. ఆ అమరిక కంప్యూటర్లోనే జరగాలి, జరిగాక బొమ్మగా పంపాలి. బొమ్మలు తయారుచేసే ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రామ్‌లో పాంగో అనే దారి ఉంది, అది వత్తులు సరిగ్గా పెడుతుంది. 400 బై 200 చుక్కల బొమ్మ చేయించి, హైఫన్ థ్రెషోల్డ్ 50 శాతం పెట్టండి. ఆ థ్రెషోల్డ్ ముఖ్యం. ప్రింటర్‌కి బూడిద రంగు తెలియదు, నలుపో తెలుపో అంతే. స్క్రీన్ కోసం అక్షరాల అంచుల్ని బూడిద రంగుతో మెత్తబరుస్తారు, అది అలాగే వెళ్తే డ్రైవర్ దాన్ని చుక్కలు చుక్కలుగా చిమ్ముతుంది, అక్షరం గజ్జి పట్టినట్టుంటుంది. బొమ్మని ముద్రించేటప్పుడు హైఫన్ ఓ, పీపీఐ ఈక్వల్స్ 203 అనండి, బొమ్మలో చుక్కకి కాగితం మీద చుక్క పడుతుంది.

సైజు విషయం. 203 ప్రింటర్లో 8 పాయింట్ల అక్షరమంటే నిలువునా 22 చుక్కలు. అందులోనే తలకట్టు, అక్షరం, కింద వత్తు, ఒక్కోసారి రెండు వత్తులు సర్దుకోవాలి. ఇంగ్లీషుకి సరిపోతుంది, మనకి చాలదు. "క్ష్మీ"లో కింది మకార వత్తు నల్ల ముద్దగా మారిపోతుంది. 10 పాయింట్లకి తగ్గొద్దు, గీత కాస్త మందంగా ఉన్న ఫాంటు తీసుకోండి, బోల్డ్ మాత్రం వద్దు, లోపలి కన్నాలు పూడుకుపోతాయి. లేబుల్ మీద తెలుగు ఎక్కువుంటే 300 డీపీఐ ప్రింటరే కొనుక్కోండి.

మీలో ప్రోగ్రామ్ రాసేవాళ్ళకి ఒక మాట. బొమ్మని టీఎస్‌పీఎల్ బిట్‌మ్యాప్ ఆదేశంతో పంపితే 0 నలుపు, 1 తెలుపు. జడ్‌పీఎల్‌లో 1 నలుపు. ఒకదాని కోసం రాసిన కోడ్ రెండోదానికి వాడితే స్టిక్కర్ మొత్తం నల్లగా వచ్చి అక్షరాలు తెల్లగా ఉంటాయి. బిట్‌మ్యాప్ వెడల్పు చుక్కల్లో కాదు, బైట్లలో చెప్పాలి. 400 చుక్కలంటే 50.

కరెంటు పోవడం గురించి చెప్పకపోతే ఈ ఊళ్ళో ప్రసంగం పూర్తి కాదు. ముద్రిస్తుండగా ప్రింటర్ ఆగిపోతే కప్స్ మామూలుగా క్యూనే ఆపేస్తుంది. కరెంటొచ్చాక ప్రింటర్ వెలుగుతుంది, కంప్యూటర్ వెలుగుతుంది, లేబుల్ రాదు. కౌంటర్లో కుర్రాడు పదిసార్లు ప్రింట్ నొక్కుతాడు. మీరు వచ్చి కప్స్‌ఎనేబుల్ కొట్టగానే ఆ పదీ ఒకేసారి బయటికొస్తాయి. ముందు క్యాన్సిల్ హైఫన్ ఏ, ఆ తర్వాత కప్స్‌ఎనేబుల్. మళ్ళీ రాకుండా ఎల్‌పీఅడ్మిన్‌తో ప్రింటర్ ఎర్రర్ పాలసీని రీట్రై కరెంట్ జాబ్‌కో, అబార్ట్ జాబ్‌కో మార్చండి. కొరియర్ లేబుళ్ళకైతే అబార్ట్ మేలు, ఒకే పార్సిల్‌కి రెండు లేబుళ్ళు పడవు.

"ఫిల్టర్ ఫెయిల్డ్" అని వస్తే కప్స్‌సీటీఎల్, రెండు హైఫన్లు, డీబగ్ లాగింగ్ అని కొట్టి, మళ్ళీ ఒకసారి ముద్రించి, వార్ లాగ్ కప్స్ కింద ఎర్రర్ లాగ్ చదవండి. తయారీదారు డ్రైవర్ 32 బిట్లది, మీ సిస్టం 64 బిట్లది కావడం ఒక కారణం. ఫిల్టర్ ఫైలు యజమాని రూట్ కాకపోయినా, అందరికీ రాసే అనుమతి ఉన్నా కప్స్ దాన్ని నడపదు, ఇది రెండోది. చేత్తో కాపీ చేసినవాళ్ళకి ఎక్కువగా ఇదే.

సభ నుంచి ప్రశ్న: రాస్ప్‌బెర్రీ పై మీద నడుస్తుందా?

డ్రైవర్ ఇంటెల్ ప్రాసెసర్‌కి కట్టిన బైనరీ మాత్రమే అయితే నడవదు, ఆ చిన్న కంప్యూటర్లో ఉన్నది ఆర్మ్ అనే వేరే రకం ప్రాసెసర్. జీబ్రా, డైమోలకి కప్స్‌లో ఉన్నవే చాలు. మిగతావాటికి ఎల్‌ప్రింట్ చూడండి. కప్స్ రాసిన మైకేల్ స్వీటే లేబుల్ ప్రింటర్ల కోసం ప్రత్యేకంగా రాసింది. కప్స్ తర్వాతి పెద్ద వెర్షన్ 3లో పాత పద్ధతి డ్రైవర్లూ, రా క్యూలూ తీసేస్తారు, అప్పుడు ఇలాంటివే దారి. ఇప్పుడు నడుస్తున్నదాన్ని కదపొద్దు, కొత్తగా పెట్టేవాళ్ళు మాత్రం అలవాటు చేసుకోవచ్చు.

సభ నుంచి ప్రశ్న: బ్రదర్ క్యూఎల్ 700 పెడితే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తోంది.

దాని మీద ఎడిటర్ లైట్ అని ఒక దీపం ఉంటుంది. అది వెలుగుతున్నంతసేపు ప్రింటర్ తనని తాను డిస్కుగా చెప్పుకుంటుంది. దీపం ఆరేదాకా ఆ బటన్ నొక్కి పట్టుకోండి, ప్రింటర్‌గా మారుతుంది. డైమో కొనబోయేవాళ్ళు కూడా వినండి, లేబుల్‌రైటర్ 550 వరస చిప్ ఉన్న సొంత కంపెనీ రోళ్ళనే ఒప్పుకుంటుంది. బయటి చవక రోల్ వేస్తే నడవదు, లినక్స్ ఏం చేయలేదు.

సభ నుంచి ప్రశ్న: మాది మాడుగుల హల్వా ప్యాకింగ్. రెండు వారాలకే తేదీ కనపడట్లేదు. సాఫ్ట్‌వేర్లో నలుపు పెంచాలా?

సాఫ్ట్‌వేర్ పని కాదండీ అది. మీది డైరెక్ట్ థర్మల్ కాగితం అయ్యుంటుంది, నెయ్యి తగిలితే దాని రసాయనం పాలిపోతుంది. ఎండ తగిలినా అంతే. కొరియర్‌కి వారం బతికితే చాలు కాబట్టి అది సరిపోతుంది. ఎమ్మార్పీ, బరువు, తయారైన నెలా సంవత్సరం 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం కొనేవాడికి కనపడాలి, మీకు చెరిగిపోతే కుదరదు. రిబ్బన్‌తో ముద్రించే థర్మల్ ట్రాన్స్‌ఫర్ ప్రింటర్‌కి మారండి, వ్యాక్స్, రెజిన్ కలిసిన రిబ్బన్ వేయండి. ఫిషింగ్ హార్బర్ వైపు రొయ్యల కార్టన్లు చేసేవాళ్ళకైతే అదీ చాలదు. మైనస్ 18 దగ్గర తడి, మంచు తగులుతాయి, ఫ్రీజర్ గమ్ ఉన్న సింథటిక్ లేబుల్, దానికి పూర్తి రెజిన్ రిబ్బన్ కావాలి. రెజిన్‌కి వేడి ఎక్కువ కావాలి, కాబట్టి రిబ్బన్ మార్చిన రోజే డెన్సిటీ పెంచి, వేగం తగ్గించి, ఆ రెండు అంకెలూ రోల్ సైజుతో పాటు ప్రింటర్ మీద అంటించిన సెల్ఫ్ టెస్ట్ పక్కన రాసిపెట్టండి. రిబ్బన్ అయిపోయిన ప్రతిసారీ హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. వాడని రోళ్ళు కవర్లోనే ఉంచండి, మన గాలిలో తేమకి కాగితం చుట్టుకుపోయి గ్యాప్ సెన్సర్ మళ్ళీ తడబడుతుంది.